గోదాలో నిజము – రంగమున నమ్మిక

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవమున ప్రాచీన వాఙ్మయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను కుస్తీని గూర్చి మాటలాడెదనంటిని. వారు క్షణకాలము నా ముఖము వంక చూచి, "మీ యిష్టము" అనిరి. ఆ రెండునూ దూరపు విషయములు కావని ఈ సాయంకాలము మీకు నచ్చజెప్పగలిగినచో నా శ్రమ ఫలించినట్లే.

మన పఠన మందిరములో పత్రికలు మూసి పెట్టిన పిమ్మట యువకులు చేయు వాదములలో టెలివిజనులో వచ్చు అమెరికా కుస్తీలను గూర్చిన వాదము తఱచుగా వినవచ్చును. అరుగుమీది పెద్దలు, "అదంతయు లాలూచీ కుస్తీరా! గెలుపెవరిదో ముందే వ్రాసికొని వచ్చెదరు" అని ఒక్క మాటలో తీసివేయుదురు. పిల్లలు ఊరుకొనరు. "అంత యెత్తునుండి పడినవాని వీపు కూడ లాలూచీ పడినదా?" అని అడుగుదురు. ఇద్దఱి మాటయు నిజమే, ఇద్దఱి మాటయు సగమే. గెలుపోటములు ముందుగా నిర్ణయమైనవని ఎఱిగియుండియు జనులేల చూతురు? ఒక కుస్తీని ఊపిరి బిగబట్టి చూచినవారే మఱియొక కుస్తీని చూచి నవ్వి లేచిపోవుదురేల? నేను విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

కుస్తీ అను ఒక్క పేరు క్రింద రెండు విద్యలు చేరియున్నవి. మొదటిది పోటీ కుస్తీ. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో ఖాశాబా జాదవ్, 2016లో రియో క్రీడలలో సాక్షి మలిక్ కంచు పతకములు గెలిచినది ఈ కుస్తీలోనే. ఇందు ప్రేక్షకుడు లేకున్నను పోటీ పోటీయే. రెండవది ప్రదర్శన కుస్తీ. దీనిని వృత్తి కుస్తీ యందురు. ఇందు ప్రేక్షకుడు లేనిచో ఆట యే లేదు. మొదటిదానిలో ఇద్దఱు మల్లులు ఒకరినొకరు ఓడింప జూతురు. రెండవదానిలో ఇద్దఱును కలిసి ప్రేక్షకుని మనస్సును గెలువ జూతురు. ఒకదానికి వర్తించు తూకపు రాళ్లతో రెండవదానిని తూచుటవలననే మన అరుగుమీది తగవులలో చాలభాగము పుట్టుచున్నది.

అయినను ఈ రెండవ విద్య మొదటిదాని కడుపున పుట్టినదే. ఎట్లు పుట్టినదో చెప్పుటకు నేను ఒక మల్లుని కథను ఆధారముగా తీసికొందును. అతడు పోలండు దేశీయుడు, పేరు స్టానిస్లాస్ జిబిస్కో. ఆ పేరు మన పెద్దలకు తెలియకపోయినను, అతనితో పోరాడినవాని పేరు తెలియును. ఆయన గామా పహిల్వాను.

1910 సెప్టెంబరు 10వ తేదీన లండను నగరములో గామాకును జిబిస్కోకును కుస్తీ జరిగెను. గామా ధాటిని కొంతసేపు చూచిన జిబిస్కో, నిలబడి పోరుట క్షేమము కాదని తలచి, నేలను కఱచుకొని పడుకొనెను. గామా లాగెను, నెట్టెను, త్రిప్పజూచెను. అతడు లేవలేదు. రెండున్నర గంటలకు పైగా ఇట్లే గడచి, తీర్పు లేకయే ఆట ముగిసెను. మఱుసటి వారము 17వ తేదీన తిరిగి కలియవలెనని నిర్ణయించిరి. ఆనాడు జిబిస్కో రాలేదు. విజయము గామాకు దక్కెను. ఇది అచ్చమైన పోటీ, ఇందు లాలూచీ లేదు. కాని రెండున్నర గంటలు కూర్చుండి, పడుకొన్న మనిషిని చూచిన ప్రేక్షకుని స్థితి ఆలోచింపుడు!

అదియొక్కటే కాదు. 1916 జూలై 4వ తేదీన అమెరికాలో ఒమాహా నగరమున ఎడ్ లూయిస్, జో స్టెకర్ అను ఇద్దఱు మహామల్లులు ఇంచుమించు ఐదు గంటలు పెనగులాడిరి. అప్పటికిని ఎవరును గెలువలేదు. సమానబలులైన ఇద్దఱు నిజముగా పోరినప్పుడు చూపఱకు కనబడునది కదలిక కాదు, కదలిక లేమి. ఇక రెండవ వైపు చూడుడు. 1928లో పటియాలాలో గామా, జిబిస్కో మఱల తలపడిరి. ఇద్దఱును ఏబది యేండ్లకు చేరువలో నున్నవారు. అపారమైన జనము చేరెను. నిమిషమైనను నిండకముందే గామా అతనిని వెల్లకిల పడవేసెను. మూడు రోజుల ప్రయాణము చేసి వచ్చి, తలపాగా సవరించుకొనుచు తల వంచినవాడు తల యెత్తు లోపల అంతయు అయిపోయినది! నిజమునకు ప్రేక్షకుని సుఖదుఃఖములతో పని లేదు. ఒకప్పుడది ఐదు గంటలు సాగదీయును, ఒకప్పుడు నిమిషములో ముగించును.

టికెట్టు అమ్ముకొని బ్రతుకువానికి ఇది పెద్ద చిక్కు. ఆ చిక్కును 1920ల ప్రాంతమున అమెరికాలో ముగ్గురు మనుష్యులు విప్పిరి. ఒకడు ఆ ఎడ్ లూయిసే. రెండవవాడు అతని వ్యవహారములు చూచు బిల్లీ శాండో. మూడవవాడు టూట్స్ మాండ్ట్. వీరు మల్లులను కొందఱిని జీతమునకు చేర్చుకొని, మన సురభివారు నాటకముల నాడుచు ఊరూర తిరిగినట్లు తిరిగిరి. ఆటకు కాలపరిమితి పెట్టిరి. నేలమీది పెనగులాట తగ్గించి, ఎత్తి పడవేయుటలు, చూపునకు ఇంపైన పట్లు పెంచిరి. గెలుపోటములను ముందుగా నిర్ణయించిరి. ఈ రహస్యమును బయటికి పొక్కనీయక కాపాడుటకు ఆ వృత్తివారిలో ఒక గూఢపదము కూడ ఉన్నది. దానిని "కేఫేబ్" అందురు. రంగమున శత్రువులైనవారు ఊరిలో ఒకే పూటకూటి యింట కలిసి భోజనము చేయరాదు. కాలు విఱిగినట్లు నటించినవాడు వీధిలో సయితము కుంటవలెను. ఇది దాని ధర్మము.

ఇచట మన జిబిస్కో మఱల ప్రవేశించును. 1925 జనవరిలో ఆ ముగ్గురును కలిసి వేన్ మన్ అను ఫుట్‌బాల్ ఆటగానిని ప్రపంచ విజేతగా నిలబెట్టిరి. భారీ విగ్రహము, చూపునకు దిట్ట. కుస్తీ మాత్రము అంతంతమాత్రము. ఏప్రిల్ 15వ తేదీన ఫిలడెల్ఫియాలో జిబిస్కో అతని చేతిలో ఓడవలెనని ఒప్పందము. కాని జిబిస్కో లోలోపల ఎదుటి పక్షమువారితో చేతులు కలిపి యుండెను. గంట మ్రోగగానే నిజమైన కుస్తీ పట్టి, ఆ విజేతను పదేపదే వెల్లకిల పడవేసి, బిరుదు తీసికొని పోయెను. ఇందు సత్యము గెలిచినదందుమా, మాట తప్పినవాడు గెలిచినాడందుమా? నాకు ఇందు కనబడిన నీతి వేఱు. ఆ ముగ్గురును ప్రదర్శన కొఱకు విద్యను పూర్తిగా విడిచిరి. విద్య లేని ప్రదర్శన బలమైన మొదటి గాలికే కూలినది.

పిదప టెలివిజను వచ్చెను. 1940ల చివర అమెరికాలో జార్జి వాగ్నర్ అను మల్లుడు జుట్టును బంగారు వన్నెలో ఉంగరములు చుట్టించుకొని, పట్టు అంగీలు ధరించి, తాను అడుగు పెట్టకముందే సేవకునిచే రంగమున అత్తరు చల్లించెడివాడు. "గార్జియస్ జార్జి" అని పేరు పెట్టుకొనెను. జనము అతనిని తిట్టుటకు డబ్బిచ్చి వచ్చిరి. అతడు ఓడిపోవుట చూడవలెనని వచ్చిరి. తన డాబుసరి మాటల కళకు ఇతడే గురువని తరువాతి కాలమున ముష్టియుద్ధ వీరుడు మహమ్మదాలీ చెప్పియున్నాడు. పాత మల్లులు మాత్రము పండ్లు కొఱికిరి. లూ థెజ్ వంటివారు, పట్టు తెలిసినవాడే విజేతగా నుండవలెనని పట్టుపట్టిరి. నమ్మికయా, ఆర్భాటమా అను తగవు ఆనాటినుండి నేటివఱకు తెగలేదు.

సోదరులారా! ఈ తగవును అమెరికావారు వంద సంవత్సరములుగా తర్కించుచున్నారు. మన పూర్వులు దానిని వేయి సంవత్సరములకు ముందే తర్కించిరి. భరతముని నాట్యశాస్త్రమున లోకధర్మి యనియు నాట్యధర్మి యనియు రెండు పద్ధతులు చెప్పబడినవి. లోకములో నున్నట్లు చూపుట లోకధర్మి. రంగమునకు తగినట్లు సంకేతములతో, సొగసుతో చూపుట నాట్యధర్మి. రెండునూ ధర్మములే యని శాస్త్రము చెప్పినది. ఒకటి సత్యము, ఒకటి అసత్యము అని చెప్పలేదు. అదే శాస్త్రమున రంగముమీది యుద్ధమును గూర్చి ఒక నియమము కలదు. ఆయుధముతో నిజముగా పొడువరాదు, నఱుకరాదు, నెత్తురు కార్పరాదు. దెబ్బను అభినయముచేతనే తెలుపవలెను. ఆ అభినయమునకు దేహదార్ఢ్యము కావలెను గనుక నటుడు వ్యాయామము చేయవలెనని కూడ చెప్పినది. నేటి ప్రదర్శన మల్లుడు చేయుచున్నది అక్షరాల ఇదియే.

శ్రీశంకుకుడను ఆలంకారికుడు దీనికి చక్కని ఉపమానము చెప్పెను. దానిని చిత్రతురగ న్యాయమందురు. గోడమీద గుఱ్ఱపు బొమ్మను చూచి పిల్లవాడు "గుఱ్ఱము" అనును. అది నిజమైన గుఱ్ఱమని వాడు తలచుటలేదు, గడ్డి వేయబోడు. అబద్ధపు గుఱ్ఱమనియు తలచుటలేదు. గుఱ్ఱమో కాదో యని సందేహించుటయు లేదు. గుఱ్ఱమును పోలిన వేఱొకటి యనియు అనుకొనడు. ఈ నాలుగింటికిని భిన్నమైన అయిదవ తెలివి యది. రంగమున రాముని వేషము చూచినప్పుడు మన తెలివి అట్టిదని శంకుకుని మతము. పిమ్మటివారు, ముఖ్యముగా అభినవగుప్తుడు, ఈ మతమును ఖండించిరి. అది వేఱు సంగతి. కాని మన యువకుడు కుస్తీ చూచుచు "అయ్యో!" అన్నప్పుడు వాని మనస్సులో నున్నది ఈ అయిదవ తెలివియే యని నా అభిప్రాయము. వానిని మూర్ఖుడనుట తగదు. హరిశ్చంద్ర నాటకమున కాటిసీనులో చంద్రమతి ఏడ్చినప్పుడు, ఆ వేషము కట్టినది పొరుగూరి మగవాడేనని తెలిసియే కదా మన తాతలు కండ్లు తుడుచుకొనిరి!

అట్లయినచో ఏ బొమ్మనైనను గుఱ్ఱమందుమా? అనము. కాళ్లు అయిదు గీసినచో పిల్లవాడు నవ్వును. ఇక్కడనే నమ్మికకు నియమములు కలవు. ఈ విద్య లోగుట్టు కొంత తెలిసికొన్నచో ఆ నియమములు స్పష్టపడును.

ప్రదర్శన మల్లుడు పడుటను మొదట నేర్చును. గడ్డము ఱొమ్మునకు ఆనించి, తల నేలకు తగులనీయక, వీపంతయు ఒక్కసారి తాకునట్లు పడును. దెబ్బ ఒక్కచోట గాక దేహమంతట పంచుకొనబడును. రంగపు క్రింద చెక్కలు కొంచెము లొంగునట్లు అమర్చియుందురు గనుక చప్పుడు పెద్దది, గాయము చిన్నది. పిడిగుద్దు కొట్టునపుడు కాలు నేలమీద తట్టుట కలదు. చెవికి వినబడినది ఆ తట్టే. మధ్యవర్తి కేవలము తీర్పరి కాడు. మిగిలిన సమయమెంతయో వారి చెవిలో వేయు దూత. అన్నిటికంటె ముఖ్యమైనదొకటి కలదు. ఒకనిని తలక్రిందుగా ఎత్తినవాని చేతిలో, ఎత్తబడినవాని మెడ యున్నది. పైకి శత్రువుగా కనబడువాడే ఆ క్షణమున వాని ప్రాణరక్షకుడు. గెలుపు అబద్ధము కావచ్చును గాని, ఈ విశ్వాసము అబద్ధము కాదు, పడిన వీపు నొప్పియు అబద్ధము కాదు. పిల్లల మాటలో సగము నిజమున్నదంటినే, అది ఇదియే.

ఇక నమ్మిక యెట్లు నిలుచును? మొదటిది, దెబ్బకు ఫలము మిగులవలెను. మోకాలికి దెబ్బ తగిలినట్లు చూపినవాడు ఆట చివరివఱకు కుంటవలెను. రెండు నిమిషములలో కుంటుట మఱచి ఎగిరి దూకినచో, అప్పటివఱకు పడిన శ్రమయంతయు వ్యర్థము. రెండవది, దెబ్బకు కారణము కనబడవలెను. వ్రేలితో తాకగానే పది అడుగులు దొర్లువాడు హాస్యగాడు. మూడవది, తారతమ్యము చెడరాదు. ఏనుగువంటివాడు తొలి నెట్టుకే పడినచో ఏనుగు చిన్నదగును గాని, నెట్టినవాడు పెద్దవాడు కాడు. నాలుగవది, విరామము ఉండవలెను. అన్ని క్షణములును ఉత్కట క్షణములైనచో ఏ క్షణమునకును విలువ యుండదు. ఈ నాలుగును నేను కనిపెట్టినవి కావు. ఔచిత్యము చెడుటయే రసభంగమునకు మూలమని ఆనందవర్ధనుడు చెప్పిన సూత్రమునకు ఇవి గోదాలో వ్రాసిన వ్యాఖ్యానములు.

వ్యాసభారతమందలి ఒక ఘట్టమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. విరటుని కొలువులో వంటవాడై యున్న భీముడు, జీమూతుడను మల్లునితో పోరవలసివచ్చును. ఆ మల్లుని చంపుట భీమునకు లెక్కలోనిది కాదు. కాని తన బలము పూర్తిగా చూపినచో అజ్ఞాతవాసము బయటపడును. రాజు ఆజ్ఞ కాదనలేడు. అందువలన మనస్సులేనివానివలె, మెల్లగా అడుగులిడుచు రంగమున ప్రవేశించెను. లోపల నిజమైన బలము, పైన నటన. ఆ నటనకు బరువు వచ్చినది లోపలి బలమువలననే. బలము లేనివాడు ఆ నెమ్మదిని నటించినచో దానిని భయమనియే చూపఱు తలతురు.

మన తెలుగునాట దీనికి సాక్షి కోడి రామమూర్తి నాయుడు. శ్రీకాకుళ ప్రాంతపు వీరఘట్టమున పుట్టి, విజయనగరమున వ్యాయామ విద్య నేర్పి, సర్కసు పెట్టి దేశదేశములు తిరిగి, 1942లో కీర్తిశేషుడైన ఆ మహాబలుని పెద్దలు కలియుగ భీముడనిరి. ఊపిరి బిగబట్టి ఱొమ్మున కట్టిన ఇనుప గొలుసు త్రెంచుట, ఱొమ్ముపై ఏనుగును ఎక్కించుకొనుట ఆయన ప్రదర్శనలు. డేరా, దీపములు, బాజాలు అన్నియు ఆర్భాటమే. కాని ఏనుగు ఏనుగే. ఆర్భాటము ఏనుగును తెచ్చినది గాని, ఏనుగు బదులు కాలేదు. దారాసింగు సంగతియు అట్టిదే. కింగ్‌కాంగ్ అను భారీ మల్లునితో ఆయన ఆడిన కుస్తీలను జనము వేలకొలది వచ్చి చూచిరి. 1968లో బొంబాయిలో లూ థెజ్‌పై గెలిచెను. తరువాత 1987లో మొదలైన రామాయణ ధారావాహికలో హనుమంతుడుగా కనబడినప్పుడు దేశమంతయు చేతులు జోడించినది. ఆ దేహములో నిజమైన సాధన లేనిచో ఆ వేషమునకు ఆ మ్రొక్కు దక్కెడిది కాదు.

ఆర్భాటము లేని నిజము, నిజము లేని ఆర్భాటము ఎంతవఱకు పోవునో చెప్పుటకు రెండు దృష్టాంతములు చూపెదను. 1976 జూన్ 26వ తేదీన టోక్యోలో ముష్టియుద్ధ వీరుడు మహమ్మదాలీకిని జపాను మల్లుడు ఆంటోనియో ఇనోకికిని పోటీ పెట్టిరి. అది నిజమైన పోటీయే అయినది. ఇనోకి నేలమీద వెల్లకిల పరుండి అలీ కాళ్లను తన్నుటతో పదునైదు ఆవృత్తులలో పెక్కు గడచిపోయెను. తీర్పు సమానము. జనము విసిగి చేతికందిన చెత్త విసరిరి. అలీ కాళ్లు మాత్రము నిజముగా వాచి ఆసుపత్రి పాలయ్యెను. నిజము జరిగినది, కాని రక్తి కట్టలేదు.

రెండవది 1999 మే 23వ తేదీన అమెరికాలో కాన్సాస్ సిటీలో జరిగినది. ఓవెన్ హార్ట్ అను మల్లుడు కెనడా దేశీయుడు. అతని తండ్రి స్టూ హార్ట్ తన యింటి నేలమాళిగలో ఎందఱికో నిజమైన పట్లు నేర్పిన గురువు. అట్టి యింట పుట్టినవానిని, వినోదార్థము, క్రీడామందిరపు కప్పునుండి త్రాటితో దింపదలచిరి. నడుమ కొక్కెము విడిపోయినది. డెబ్బది అడుగులకు పైబడిన ఎత్తునుండి అతడు రంగముమీద పడి మరణించెను. వయస్సు ముప్పదినాలుగేండ్లు. టెలివిజనులో వ్యాఖ్యాత, ఇది ఆటలోని భాగము కాదని, నిజమని, చూచువారికి నోరు విప్పి చెప్పవలసివచ్చెను. ఏలయనగా అటువంటి పడుటలను ఆటగా చూచుటకు జనము అలవాటు పడియుండిరి. అతనిని తీసికొనిపోయిన పిమ్మట మిగిలిన కుస్తీలు యథావిధిగా జరిగినవి.

సభాసదులారా! ఈ చివరి మాట దగ్గఱ ఒక్క క్షణము ఆగుడు. ఆనాడు అతనిని చంపినది శత్రువు పట్టు కాదు. కుస్తీకి ఏమాత్రము అక్కఱలేని ఒక అలంకారము. నమ్మిక తగ్గినకొలది ఆర్భాటము పెంచవలసివచ్చును. నిన్న ఆఱడుగుల యెత్తు చాలినది. నేడు అది చాలదు. పట్టుతో పుట్టింపలేని ఉత్కంఠను ఎత్తుతో పుట్టింపజూచుదురు. ఆ ఎత్తునకు మేర లేదు, మనిషి ఎముకకు మేర కలదు.

ఇందు ప్రేక్షకునికి భాగము లేదా? భాగవత దశమస్కంధమున మథురాపురి స్త్రీలు దీనికి సమాధానము చెప్పిరి. కొండలవంటి చాణూర ముష్టికులతో పసివారైన రామకృష్ణులు పోరుచుండగా, పురుషులు వింత చూచుచు కూర్చుండిరి. ఆ స్త్రీలు మాత్రము, బలాబలములు సమానము గాని ఇట్టి పోరును చూచు ఈ సభకే అధర్మము అంటునని, అధర్మము జరుగుచోట నిలువరాదని తమలో తాము చెప్పుకొనిరి. కృష్ణుడు గెలుచునని వారికి తెలియదు. తెలిసినది ఒక్కటే: చూచుట కూడ ఒక పని, దానికిని పాపపుణ్యములు కలవు. కొట్టినవాని పద్దు ఒకటి, కొట్టించి చూచినవాని పద్దు ఇంకొకటి.

మఱియొక సందేహము తీర్పవలసియున్నది. "ముందే నిర్ణయించిన ఆటను ఆడుట మోసము కాదా?" అని పెద్దలు అడుగుదురు. లెక్కలు వ్రాయువాడను గనుక లెక్కల భాషలో చెప్పెదను. అంచనా పద్దు అని తలకట్టు పెట్టి పదివేలు వ్రాసినచో అది అబద్ధము కాదు. ఆ పదివేలనే అసలు ఖర్చు అను తలకట్టు క్రింద వ్రాసినచో అది దొంగలెక్క. అంకె మాఱలేదు, తలకట్టు మాఱినది. నేరమంతయు తలకట్టులోనే యున్నది.

ఆ వృత్తివారు చాలకాలము దొంగ తలకట్టునే వాడిరి. 1984లో అమెరికాలో ఒక టెలివిజను విలేకరి, ఇది బూటకమని తాను తలచుచున్నానని ఒక మల్లునితో ముఖాముఖి చెప్పగా, ఆ మల్లుడు అతని రెండు చెవులమీదను లెంపకాయలు కొట్టి నేల కూల్చెను. అబద్ధమును నిలుపుటకు నిజమైన దెబ్బ! కాని 1989లో న్యూజెర్సీ రాష్ట్రమున, క్రీడలకుండు ప్రభుత్వ నిబంధనలనుండియు పన్నునుండియు తప్పించుకొనుటకు, అక్కడి పెద్ద కుస్తీ సంస్థవారే ఇది పోటీ కాదు, వినోదమని తామై ఒప్పుకొనిరి. సత్యము నోటినుండి వచ్చినది ధర్మచింతవలన కాదు, పన్ను చింతవలన! ఏమైనను వచ్చినది. జనము చెదరిపోయిరా? లేదు, పెరిగిరి. 2023 సెప్టెంబరు 8వ తేదీన ఆ సంస్థవారి ప్రదర్శన మన హైదరాబాదులో గచ్చిబౌలియందే జరిగినది. అనగా రసమునకు మోసము అవసరము లేదు. ప్రేక్షకుడు తెలిసి యిచ్చిన నమ్మికయే చాలును.

దీనికి తలక్రిందైనది 2000 సంవత్సరమున బయటపడిన క్రికెట్టు కుంభకోణము. అక్కడను ఆట ఫలితములు లోపాయికారిగా అమ్ముడుపోయినవి. ప్రదర్శన కుస్తీలో విద్యగా చెల్లిన పనియే అక్కడ ద్రోహమైనది. ఏలయనగా అక్కడ వాగ్దానము పోటీ యని. చేసిన పనినిబట్టి గాక, ఇచ్చిన మాటనుబట్టి మోసము నిర్ణయమగును. వార్తాపత్రిక యని పేరు పెట్టుకొని కల్పన వ్రాసినవాడును, ఔషధమని చెప్పి రంగునీళ్లు అమ్మినవాడును ఆ క్రికెట్టు పద్దులోనివారే గాని, కుస్తీ పద్దులోనివారు కారు. మన ఊరిలో మనము జాగ్రత్తపడవలసినది వారిని గూర్చి.

కడపట జిబిస్కో కథ ముగించెదను. 1950లో వచ్చిన "నైట్ అండ్ ది సిటీ" అను ఆంగ్ల చలనచిత్రమున వృద్ధుడైన జిబిస్కో ఒక వేషము కట్టెను. కోతి చేష్టల కుస్తీని అసహ్యించుకొను పాతకాలపు మల్లుని వేషమది. ఆ కథలో ఒక బలవంతుడు అతనిని రెచ్చగొట్టగా, ముసలివాడు నిజముగా పోరి, గెలిచి, ఆ శ్రమచేతనే ప్రాణము విడుచును. ఆ పోరు కెమెరా ముందు ముందే నిర్ణయించుకొని చేసిన నటన. అయినను ఆ పట్లు, ఆ ఊపిరి, ఆ మెడనరములు నటనగా తోపవు. ఎందువలన? నలుబది యేండ్ల క్రిందట గామా బలమును తన ఒడలిపై మోసిన దేహమది. లండనులో అతని నిజము జనమునకు విసుగు పుట్టించినది. ఫిలడెల్ఫియాలో అతని నిజము మాట తప్పినది. ఈ చిత్రమున మాత్రము నిజము, నటన, ఒప్పందము మూడును ఒక్కచోట కలిసినవి.

యువకులారా! చూడవద్దని నేను చెప్పను. తెలిసి చూడుడు. ఎవడు గెలిచెనని గాక, ఎవడు ఎదుటివాని మెడను భద్రముగా నేలకు దింపెనో చూడుడు. ఆ పట్లు ఇంటి మిద్దెపైన, బడి ఆవరణలో తమ్ములపై ప్రయోగింపకుడు. వారు ఏండ్ల తరబడి పడుట నేర్చినవారు. మీ తమ్ముడు నేర్వలేదు. వాని మెడ నాట్యధర్మి ఎఱుగదు.

పెద్దలారా! "బూటకము" అను ఒక్క మాటతో పిల్లల నోరు మూయింపకుడు. వారు అడుగుచున్న ప్రశ్న భరతుడు విచారించిన ప్రశ్నయే. వారిని చేయి పట్టుకొని ఈ గ్రంథాలయమునకు తీసికొని రండు. విరాటపర్వమును, దశమస్కంధమును చేతికిండు. ఈ యిరువదియైదు సంవత్సరములుగా మన బీరువాలు మనకు నేర్పినది ఇదియే కదా! కథ యని తలకట్టు పెట్టిన దానిని కథగా, చరిత్ర యని తలకట్టు పెట్టిన దానిని చరిత్రగా చదువుట. నమ్మిక మన సొత్తు. దానిని ఎవరికి, దేనికి, ఎంతవఱకు ఇచ్చుచున్నామో లెక్క యుంచుకొని ఇచ్చుటయే చదువరి లక్షణము.